డాక్టరమ్మ ఖాతూన్ హలీమా

మన సంఘం సంచికలో ఏటా ఒక మహనీయుల జీవితం వేయడం ఆనవాయితీ. ఈసారి ఆ పని నాకు అప్పగించారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారి గురించో, యల్లాప్రగడ సుబ్బారావుగారి గురించో రాస్తానని కార్యవర్గంవారు అనుకుని ఉంటారు. వారిద్దరి గురించీ సాయంకాలపు తెలుగు తరగతిలో మన పిల్లలు ఇప్పటికే వ్యాసాలు రాసేశారు. అందుచేత నేను ఒక అమెరికా డాక్టరమ్మ కథ ఎంచుకున్నాను. ఆమెకు తెలుగుతో సంబంధం లేదు. కాని మనం కాపురాలు చేసుకుంటున్న ఈ ఊళ్ళో స్త్రీలకు వైద్యం చేసిన మొట్టమొదటి వైద్యురాలు ఆమె. పేరు ఎలినార్ కాల్వర్లీ. కువైట్ వాళ్ళు పిలుచుకున్న పేరు ఖాతూన్ హలీమా.

ఆమె ఇక్కడికి వచ్చింది 1912లో. అప్పటి కువైట్‌ను ఇప్పటి పిల్లలు ఊహించుకోవడం కష్టం. గల్ఫ్ రోడ్డు లేదు, ఎత్తు మేడలు లేవు. సముద్రపు ఒడ్డున మట్టి ఇటుకల ఇళ్ళు, ఆఫ్రికా తీరంనుంచి పడవల్లో తెచ్చిన వాసాలతో కప్పులు, ఎండాకాలం రాత్రిళ్ళు ఆ కప్పుల మీదే పడకలు. జనం సుమారు 35,000 మంది. ముత్యాల వేట, పడవ వ్యాపారం, చేపలు, ఇవే బతుకుతెరువు. మన బొంబాయికీ మలబారుకూ ఇక్కడి పడవలు సాగేవి. బజారులో చెల్లుబాటయ్యే నాణెం మన రూపాయే. తాగే మంచినీళ్ళు షత్తల్ అరబ్ నదినుంచి పడవల్లో వచ్చేవి. రేవులో దింపిన నీళ్ళను తోలుతిత్తులలో నింపి గాడిదలమీద ఇంటింటికీ పోసేవారు. కలరా, మశూచి వచ్చినా, క్షయ పట్టినా, కళ్ళలో పువ్వు వేసినా ఊరివాళ్ళకు దిక్కు నాటువైద్యమే.

అసలు డాక్టరే లేడా అంటే, ఉన్నాడు. 1904లో ఇక్కడ బ్రిటిషువారి పొలిటికల్ ఏజెన్సీ పెట్టినప్పుడు దానితోపాటు మన దేశంనుంచే ఒక అసిస్టెంటు సర్జన్ వచ్చాడు. ఆధునిక వైద్యం కువైట్‌లో అడుగుపెట్టింది ఒక హిందూదేశీయుడి చేతిసంచీలో అన్నమాట! ఈ సంగతి మనం గొప్పగా చెప్పుకోవచ్చు. అయితే ఆ చేతిసంచీ ఆడవాళ్ళ గదిదాకా వెళ్ళేది కాదు. మర్యాదస్థుల ఇళ్ళలో పరాయి మగవాడు, అతను డాక్టరైనాసరే, స్త్రీని చూడకూడదు. ఊళ్ళో డాక్టరు ఉన్నాడు, ఊళ్ళో సగంమందికి లేడు.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. వేసవిలో ముత్యాల వేటకు మగవాళ్ళు పడవలెక్కితే నాలుగు నెలలదాకా తిరిగివచ్చేవారు కారు. ఆ నెలల్లో ఊరంతా ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. కానుపులు, చంటిపిల్లల విరేచనాలు ఆ నెలలకని ఆగవు కదా.

ఎలినార్ జేన్ టేలర్ 1887లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో వుడ్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. ఫిలడెల్ఫియా నగరంలో స్త్రీలకోసం 1850లో స్థాపించిన పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో చదివి 1908లో పట్టా పుచ్చుకుంది. మగవాళ్ళ వైద్య కళాశాలలు ఆడపిల్లలను చేర్చుకోని రోజులలో ఆడవాళ్ళకోసమే పుట్టిన కళాశాల అది. మహారాష్ట్రలో పుట్టిన ఆనందీబాయి జోషి 1886లో పట్టా తీసుకున్నదీ అక్కడే.

ఇక్కడ కాస్త దారి తప్పుతాను, పాఠకులు మన్నించాలి. అదే కళాశాలలో ఎలినార్ కంటె 29 ఏళ్ళ ముందు, 1879లో, చదువు ముగించిన మరొకావిడ ఉన్నారు. ఆమె అన్నా కుగ్లర్. గుంటూరు ప్రాంతంవారికి ఈ పేరు చెప్పనక్కరలేదు. 1883లో గుంటూరు వచ్చి, మొదట డాక్టరు పని చేయడానికే తన మిషనువారి అనుమతికోసం ఎదురుచూసి, 1898లో ఆస్పత్రి తెరిచి, 1930లో ఆ గుంటూరులోనే కన్నుమూశారు. ఏలూరు జమీందారుగారు ఆ ఆస్పత్రికి వచ్చే రోగుల బంధువులకోసం సత్రం కట్టించారు. మా నాన్నగారు పుట్టింది కుగ్లర్ ఆస్పత్రిలోనే. మా నాయనమ్మకు అంతకుముందు రెండు కానుపులు ఇంట్లోనే జరిగి రెండుసార్లూ బిడ్డ దక్కలేదు. మూడోసారి మా తాతగారు, బడిపంతులు, అప్పుచేసి గుర్రబ్బండి కట్టించి గుంటూరు తీసుకువెళ్ళారట. ఆ బండి కట్టకపోతే ఈ వ్యాసం లేదు. ఆ కళాశాల పేరు మొదటిసారి చదివినప్పుడు, గుంటూరుకూ కువైట్‌కూ డాక్టరమ్మలను పంపిన తలుపు ఒకటేనని తెలిసి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

ఎలినార్ కథకు వద్దాం. 1909లో ఆమె ఎడ్విన్ కాల్వర్లీని పెళ్ళిచేసుకుంది. ఆయన మతబోధకుడు. ఇద్దరూ అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చివారి అరేబియా మిషనులో చేరి, ఆ ఏడే ఓడ ఎక్కి గల్ఫుకు వచ్చారు. రాగానే మందులపెట్టె తెరవలేదు. ముందు బహ్రెయిన్‌లో అరబిక్ నేర్చుకోవడానికి కూర్చున్నారు. మిషనువారి పద్ధతి అది. భాష రానిదే పని అప్పగించేవారు కారు. పట్టా పొందిన డాక్టరు చేతిలో స్టెతస్కోపు బదులు పలక పట్టుకుని అక్షరాలు దిద్దడం చిన్నతనంగా తోచి ఉండవచ్చు. కాని ఆ తర్వాత ఆమె సాధించినదానిలో సగం ఆ పలకమీదే పడిందని నా అభిప్రాయం. నేను పంతులుని కాబట్టి ఇలా అంటున్నానని ఎవరైనా అనుకుంటే, అనుకోనివ్వండి.

కువైట్‌లోకి మిషను రావడానికి కారణం అప్పటి పాలకుడు షేక్ ముబారక్. పక్కనున్న మొహమ్మరాలో ఆయనకు మిషను డాక్టరు ఆర్థర్ బెన్నెట్‌తో పరిచయమైంది. తన కుమార్తెకు చికిత్స చేయడానికి రమ్మని పిలిపించారు. చికిత్స కుదిరింది. ఊళ్ళో ఆస్పత్రి పెట్టుకోవడానికి అనుమతి, సముద్రపు ఒడ్డున పడమటి వైపు స్థలం లభించాయి. షేకుగారి బిడ్డ కాబట్టి మగ డాక్టరు చూసినా అడిగేవారు లేరు. మామూలు ఇళ్ళలో ఆ వెసులుబాటు ఎక్కడిది? అందువల్ల ఆడ డాక్టరు తప్పనిసరి అయింది. 1912లో కాల్వర్లీ దంపతులు కువైట్ చేరారు. అప్పటికి ఎలినార్‌కు పాతికేళ్ళు, ఒళ్ళో చంటిపిల్ల.

ఒక అద్దె మట్టి ఇంట్లో ఆమె వైద్యం మొదలుపెట్టింది. జనం ఎగబడి రాలేదు. పరాయి మతం, పరాయి బట్టలు, చేతిలో కత్తులూ సూదులూ. మందు మింగితే మతం పోతుందేమోనన్న భయం కొందరిది. ఆ భయాన్ని ఊళ్ళో పెద్దలు తేలికగా తీసుకోలేదు. 1913లో కువైట్ వర్తకులలో కొందరు ధర్మసంస్థ ఒకటి స్థాపించి, తమ మతంవాడైన వైద్యుణ్ణి రప్పించి ఉచితంగా మందులిప్పించారు. అది ఎక్కువకాలం సాగలేదు. కాని ఆ పోటీని నేను తప్పుపట్టను. ఊరికి వైద్యం కావాలన్న మాట ఊరివాళ్ళే గట్టిగా అన్నది అప్పుడే.

డాక్టరమ్మ దగ్గరకు మొదట వచ్చినవారు పేదలు, బెదూయిన్ స్త్రీలు, ఇక పోగొట్టుకునేది ఏమీ లేనివాళ్ళు. గొప్పింటివాళ్ళు కబురుపెట్టేది ఆఖరి ఘడియలోనే. మంత్రసాని చేతులెత్తేశాక, తాయెత్తులు కట్టి, వాతలు పెట్టి, ఇంక ఏమీ మిగలనప్పుడు డాక్టరమ్మను పిలిచేవారు. వాత అంటే మన పల్లెల్లో పెద్దవాళ్ళకు తెలుసు. ఇక్కడా అదే వైద్యం. కడుపునొప్పికి వాత, తలనొప్పికి వాత, చంటిపిల్లకు కామెర్లయితే వాత. అంత ఆలస్యంగా పిలిచినప్పుడు రోగి దక్కకపోతే నింద ఎవరిమీద పడుతుందో చెప్పాలా? కొత్త వైద్యానికి ఇదే పెద్ద చిక్కు. ముందుగా వచ్చిన రోగి బతుకుతుంది, కాని ముందుగా రావాలంటే నమ్మకం కావాలి. నమ్మకం పుట్టాలంటే ఎవరైనా బతకాలి.

పిల్లలు చదివే సంచికే అయినా ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఆ రోజులలో అరేబియా తీరమంతటా కానుపు కాగానే బాలింతరాలి శరీరం లోపల రాతి ఉప్పు కూరేవారు. పుండు పడకుండా, వదులైన భాగం బిగుసుకునేలా చేస్తుందని మంత్రసానుల నమ్మకం. ఉప్పు లోపలి చర్మాన్ని కాల్చేది. మానిన చోట గట్టి మచ్చ కట్టి దారి మూసుకుపోయేది. తర్వాతి కానుపులో బిడ్డ బయటికి రాలేక రోజుల తరబడి నొప్పులు పడి, తల్లీ బిడ్డా ఇద్దరూ పోవడం తరచుగా జరిగేది. మొదటి కానుపు సుఖంగా జరిగిన తల్లి రెండోసారికి ఎందుకు చనిపోతోందో ఇంట్లో ఎవరికీ అంతుబట్టేది కాదు. దెయ్యం అనేవారు, దిష్టి అనేవారు. ఆ తీరంలో పనిచేసిన మిషను వైద్యురాండ్రందరూ దశాబ్దాలపాటు పోరాడింది ఈ ఉప్పుతోనే.

దీనికి కత్తితో చికిత్స కొంతవరకే. అసలు మందు మాట. అత్తగారిని కూర్చోబెట్టి, మంత్రసానిని కసురుకోకుండా, ఉప్పు ఎందుకు వద్దో వాళ్ళ మాటల్లో చెప్పాలి. పుస్తకాల అరబిక్ దానికి చాలదు. ఆడవాళ్ళు తమలో తాము నొప్పిని ఏ మాటతో చెప్పుకుంటారో, ముట్టును ఏమంటారో, గర్భాన్ని ఏమంటారో, సిగ్గుపడి ఏ మాట మింగేస్తారో తెలియాలి. బహ్రెయిన్‌లో దిద్దిన అక్షరాలు ఇక్కడి ఆడవాళ్ళ గదులలో నిజమైన భాషగా మారాయి.

ఆ గదులలోనే ఆమెకు పేరు మారింది. ఎలినార్ అన్నది అరబ్బుల నోట తిరిగే పేరు కాదు. హలీమా అన్నారు. ఓర్పుగలది, శాంతమైనది అని అర్థం. ముస్లిములకు ఈ పేరు మరింత దగ్గరిది. ప్రవక్తగారికి పసితనంలో పాలిచ్చి పెంచిన దాది పేరు హలీమా. ఖాతూన్ అంటే గౌరవనీయురాలైన స్త్రీ, మనం అమ్మగారు అన్నట్టు. గుంటూరులో కుగ్లర్‌ను డాక్టరమ్మగారు అన్నట్టే కువైట్‌లో ఈమె ఖాతూన్ హలీమా అయింది. పేరు పెట్టాక మనిషి పరాయిది కాదు.

1914లో డాక్టర్ స్టాన్లీ మైల్రీ వచ్చి పురుషుల ఆస్పత్రి కట్టించారు. కువైట్‌లో సిమెంటు కాంక్రీటుతో, ఇనుముతో లేచిన మొదటి కట్టడం అదేనని చెబుతారు. మట్టి గోడల మధ్య అది ఓడలా కనిపించేదేమో. 1920లో జహ్రా యుద్ధంలో గాయపడినవారిని అక్కడికే చేర్చారు. మైల్రీగారి కథ వేరే రాయవలసినంత ఉంది, ఇంకొక ఏడాది చూద్దాం. స్త్రీల ఆస్పత్రికి సొంత భవనం రావడానికి మాత్రం మరికొన్నేళ్ళు పట్టింది. ఎప్పుడూ ఇంతే, ఆడవాళ్ళ గది చివర కడతారు.

ఈలోగా ఆమెకు ఇంకా పిల్లలు కలిగారు, మొత్తం ముగ్గురు ఆడపిల్లలు. నూటఇరవై డిగ్రీల ఫారన్‌హీటు ఎండలో, కరెంటు లేని ఊళ్ళో, పంకా లేకుండా పిల్లలను పెంచుతూ, అర్ధరాత్రి కబురొస్తే లాంతరు పట్టుకుని సందులలోంచి కానుపులకు వెళ్ళింది. ఎడ్విన్‌గారు చిన్న ఇంగ్లీషు బడి నడిపారు. వర్తకుల పిల్లలు కొందరు అక్కడ చదువుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధం నాలుగేళ్ళూ గడిచాయి. షేక్ ముబారక్ 1915లో పోయారు. ఆ తర్వాత జాబిర్, సాలిం, 1921 నుంచి అహ్మద్, వరసగా ముగ్గురు పాలకులు మారారు. డాక్టరమ్మ మారలేదు.

ఆమె వచ్చిన ఉద్దేశం గురించి కూడా నిజం చెప్పుకోవాలి. మిషను వచ్చింది వైద్యంకోసం మాత్రమే కాదు, తమ మతం చెప్పడానికి. ఆ పనిలో వారు గెలిచారని ఎవరూ అనలేరు. మతం మార్చుకున్నవారు వేళ్ళమీద లెక్కపెట్టదగినంత మందే. కువైట్ వాళ్ళు మందు పుచ్చుకున్నారు, బోధ మర్యాదగా విన్నారు, తమ నమాజు తాము చేసుకున్నారు. వచ్చినవారు ఇవ్వాలనుకున్నది ఒకటి, ఊరు తీసుకున్నది మరొకటి. అయినా పదిహేడేళ్ళు ఆమె తలుపు మూయలేదు. ఇంకొకరైతే విసిగి పోయేవారు. నా మటుకు నాకు ఈమెలో నచ్చింది అదే.

1929లో కాల్వర్లీ కుటుంబం కువైట్ విడిచి అమెరికా వెళ్ళిపోయింది. ఎడ్విన్‌గారు కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో అరబిక్, ఇస్లాం విషయాల ఆచార్యులయ్యారు. ఎలినార్ రెండు పుస్తకాలు రాసింది. 1949లో వచ్చినది వేడి దేశాలలో ఆరోగ్యంగా ఉండటం గురించి. మంచినీళ్ళు, ఈగలు, ఎండదెబ్బ, ఆహారం ఇందులోని విషయాలు. కువైట్‌లో చెమటోడ్చి నేర్చుకున్నదంతా వేడి దేశాలకు వెళ్ళేవాళ్ళకోసం రాసిపెట్టింది. రెండవది 1958లో వచ్చిన స్వీయకథ. తన అరేబియా పగళ్ళూ రాత్రుల గురించి చెప్పింది. కువైట్ చరిత్ర రాసేవారికి ఈనాటికీ అది పనికివచ్చే పుస్తకం. ఎందుకంటే ఆనాటి ఇళ్ళలో ఆడవాళ్ళ గది లోపల ఏమి జరిగేదో కళ్ళారా చూసి రాసినవాళ్ళు బహు కొద్దిమంది. ఆ గదిలోకి వెళ్ళగలిగిన చరిత్రకారులు ఎవరు?

ఆమె తర్వాత 1934లో డాక్టర్ మేరీ ఆలిసన్ వచ్చి ఆ పని అందుకున్నారు. చిత్రమేమంటే ఆమెదీ అదే ఫిలడెల్ఫియా కళాశాల. 1946లో నూనె ఎగుమతి మొదలైంది. 1949లో ప్రభుత్వంవారి అమీరీ ఆస్పత్రి తెరుచుకుంది. ఉచిత వైద్యం ఊరంతటికీ అందింది. మిషను ఆస్పత్రికి పని తగ్గింది. 1967లో దాన్ని మూసివేశారు. మరుసటి ఏడు, 1968లో, ఎలినార్ కాల్వర్లీ అమెరికాలో కన్నుమూసింది. పాత ఆస్పత్రి భవనాలను ప్రభుత్వం బాగుచేయించి 2011లో సాంస్కృతిక కేంద్రంగా తెరిచింది. గల్ఫ్ రోడ్డుమీద పార్లమెంటు భవనానికి దగ్గరలో అమ్రికానీ అన్న పేరుతో ఉన్నది అదే. మనలో చాలామంది రోజూ దానిముందునుంచే కారులో వెళుతుంటారు.

ఈ కథ రాయాలని నాకు బుద్ధి పుట్టించింది మాత్రం ఆ భవనం కాదు. కొన్నేళ్ళ క్రితం రాజంపేట వైపునుంచి వచ్చి ఒక ఇంట్లో పనిచేస్తున్న అమ్మాయిని నాకు తెలిసినవారు నా దగ్గరకు పంపించారు. ఇఖామా ఉంది, దానితోపాటు విదేశీయులకు 1999 చట్టం పెట్టిన ఆరోగ్య బీమా ఉంది. ఆస్పత్రి నడిచి వెళ్ళేంత దూరం. అప్పటికి రెండుసార్లు డాక్టరుకు చూపించుకుంది కూడా. ఆమె చెప్పింది కళ్ళు తిరుగుతున్నాయని. తోడు వెళ్ళిన మనిషి వచ్చీరాని తెలుగులో అర్థం చేసుకుని, కళ్ళకు ఏదో జబ్బని ఇంగ్లీషులో చెప్పాడు. డాక్టరు కళ్ళలో వేసుకునే చుక్కల మందు రాశాడు. అది వేసుకుంటూ మరో నెల పనిచేసింది. ఒకరోజు మేడమెట్లమీద పడిపోయింది. మూడోసారి నేను వెంట వెళ్ళాను. ఒంట్లో రక్తం బొత్తిగా లేదు. ముట్టు ఆగకుండా పోతోందని మగవాళ్ళ ముందు చెప్పలేక ఆ మాట మింగేసింది. నా ముందు కూడా చెప్పలేదు. మా ఆవిడను పిలిపిస్తే చెప్పింది.

మాస్టారూ, తప్పు నాదేనా అని ఆ అమ్మాయి అడిగింది. నేను ఏమీ అనలేకపోయాను. ఇంటికి వచ్చి ఆ రాత్రి మళ్ళీ కాల్వర్లీ పేజీలు తిరగేశాను.

అప్పటినుంచి సాయంకాలపు తరగతిలో వేమన పద్యాలతోపాటు ఇంకొక పాఠం చేర్చాను. కళ్ళు తిరగడం, కడుపులో తిప్పడం, నడుము పట్టేయడం, గుండె దడ, వేడి చేయడం, నీరసం, తిమ్మిరి. ఒక్కొక్క మాటకు పిల్లలు ఎదురుగా ఇంగ్లీషు, అరబిక్ రాస్తారు. వేడి చేయడం దగ్గర ప్రతి ఏడూ తగాదా వస్తుంది. దానికి అరబిక్‌లో ఏ మాటా సరిపోలేదు. ఇక్కడే పుట్టి బడిలో అరబిక్ చదువుకున్న మన ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు ఇప్పుడు శుక్రవారాలు మా ఆవిడ వెంట వెళ్ళి, అవసరమైన ఆడవాళ్ళకు డాక్టరు దగ్గర మాట సాయం చేస్తున్నారు. వాళ్ళలో ఒక పిల్ల ఆ మాటల పట్టికకు అట్టవేసి పైన పేరు రాసింది. నా పేరు రాస్తుందేమోననుకున్నాను, మనిషిని కదా. ఖాతూన్ హలీమా అని తెలుగులో, గుండ్రని అక్షరాలతో రాసింది. హలీమాలో ల కు దీర్ఘం మరిచిపోయింది. నేను దిద్దాను.